వెలకు అన్నము పెట్టిన యిండ్లు: ఓరుగల్లు రూక మొదలు ఒంగోలు పొయ్యి దాకా

కడచిన భాగములో సత్రములను గూర్చియు, పుణ్యార్థము బాటసారులకు అన్నము పెట్టిన దాతలను గూర్చియు ముచ్చటించితిమి. దానము చేసినవాని పేరు శిలాశాసనమున కెక్కును. ఆతడిచ్చిన భూమి, దాని యెల్లలు, ఆ ధర్మమును చెఱచినవానికి కలుగు పాపము, అన్నియు రాతిపై నిలిచియుండును. కాని పైకము పుచ్చుకొని, వేళకు వేడియన్నము వడ్డించి, మరునాటి బాటసారికొఱకు మరల పొయ్యి రాజవేసిన వారికి శాసనములు లేవు. వారి చరిత్రను కావ్యములలోని ఒకటి రెండు పద్యములనుండియు, స్వీయచరిత్రలలోని కొన్ని పుటలనుండియు, నేటికిని మన పట్టణములలో మిగిలియున్న అలవాటులనుండియు ఏఱుకొనవలసినదే. కృష్ణానదికి దక్షిణమున గుండ్లకమ్మ దాటి వ్యాపించిన ఈ నల్లరేగడి మైదానములో, నేడు ప్రత్తియు మిరపయు పండు ఈ నేలపై, వెలకు అన్నము పెట్టిన యిండ్ల కథ ఈ భాగమునకు విషయము.

పూటకూటి యింటి భోజనమును వస్తువుల పట్టికతో, వెలతో సహా తెలుగువారికి చూపిన గ్రంథము క్రీడాభిరామము. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ఈ వీథి యను రూపకము, రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమునకు తెలుగుసేత. దీనిని శ్రీనాథుడే రచించెనని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి. ఆ వివాదముతో మనకిప్పుడు పనిలేదు. గోవింద మంచనశర్మ అను బ్రాహ్మణుడును, టిట్టిభసెట్టి అను వైశ్యుడును కలిసి ఓరుగల్లు వీథులలో తిరుగుచు, అంగళ్ళను, ఆటలను, పాటలను చూచుచు, ఒకచోట మన పలనాటి వీరుల కథను పాడుచుండగా విని, పోవుచు పోవుచు భోజనపు మాట తలపెట్టుదురు. లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూకకు దొరకు భోజనమేమనగా: కర్పూరభోగి అను మేలిరకపు వరియన్నము, కమ్మని గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, క్రొత్తగా కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డలు గట్టిన క్రొత్త పెరుగు. ఇన్నిటిని ఒక్క పద్యములో నిమిడ్చిన కవి నేర్పును పండితులు మెచ్చుకొనిరి. చరిత్ర వ్రాయువానికి మాత్రము దానిలో ఒక వ్యాపారము యొక్క స్వరూపము కానవచ్చును. వెల నిశ్చితము, ఆ వెలకు వచ్చు పదార్థములును నిశ్చితములే, ఏ యింట భోజనము బాగుండునో ఊరివారికెల్ల తెలిసియున్నది, పైనుండి వచ్చినవానికి ఆ యింటి పేరు చెప్పుదురు. కాకతీయుల రాజధానిలో ఈ వృత్తి అప్పటికే పాతపడి, తన కీర్తిని తాను సంపాదించుకొని యుండెననుటకు ఇంతకంటె సాక్ష్యమక్కఱలేదు. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో సురవరం ప్రతాపరెడ్డిగారు ఈ గ్రంథమును రాజుల వంశావళులకంటె విలువైన ఆధారముగా వాడుకొనుట ఎంతయు సమంజసము. లక్ష్మణవజ్ఝల పేరు పద్యము వలన నిలిచినది. ఆ వంట వండిన చేతులెవరివో ఆ పద్యము చెప్పదు.

ఇప్పుడు ఓరుగల్లునుండి మన సీమకు వత్తము. కొండవీటి ప్రభువైన పెదకోమటి వేమారెడ్డి ఆస్థానమున విద్యాధికారియై, పట్టువస్త్రములకును, పరిమళద్రవ్యములకును, సన్నబియ్యపుటన్నమునకును అలవాటుపడిన శ్రీనాథుడు పలనాటికి పోయి పడిన పాట్లను ఆయన పేర ప్రచారములోనున్న చాటువులు చెప్పుచున్నవి. అక్కడ జొన్నకలి, జొన్నయంబలి, జొన్నన్నము తప్ప వేఱొకటి లేదనియు, సన్నన్నమను మాటయే సున్నయనియు ఆయన వాపోయెను. మఱొక చాటువులో సాక్షాత్తు శ్రీకృష్ణునే పందెమునకు పిలిచెను. పూతన చనుబాలు త్రాగితిననియు, దావాగ్నిని మ్రింగితిననియు గర్వించుట కాదు; చింతచిగురుతో వండిన బచ్చలికూరను జొన్నకూటితో కలిపి ఒక్క ముద్ద దిగమ్రింగినచో నీ పస తెలియునని ఆ సవాలు. ఆ పద్యము తెలుగునాట ఎన్ని తరముల వారిని నవ్వించెనో చెప్పలేము. అయినను ఆ నవ్వులో ఒక సీమ ప్రజల నిత్యాహారము చులకనయైనదన్న సంగతిని మరువరాదు. పలనాటి రైతు ఆ జొన్నను సరదాకు తినలేదు. చెఱువులు తక్కువగను, వానలు చంచలముగను ఉన్న నేలపై, రేగడిలో నిలిచిన పదునుతోనే గింజపట్టగల పైరది. మనిషికి గింజను, ఎద్దుకు చొప్పను ఒక్క కోతలో ఇచ్చు పైరది. ఒంగోలు గిత్తల దుక్కిబలమునకు జొన్నచొప్ప ఎంత కారణమో పశువులను పెంచినవారిని అడిగిన తెలియును.

ఒక్క సంగతి ఇచట చెప్పి ముందుకు సాగుదును. శ్రీనాథుడు తిన్న ఆ కూరలో మిరప లేదు. 1498లో వాస్కోడగామా కోళికోడు చేరిన తరువాతనే అమెరికా ఖండపు మిరప పోర్చుగీసు నావలలో మన దేశమునకు వచ్చినది. శ్రీనాథుడు అంతకు అర్ధశతాబ్దికి ముందే గతించెను. ఆయన కాలమున మన వంటకు కారమనగా మిరియము, పులుపనగా చింత. నేడు గుంటూరు పేరు చెప్పగనే లోకమునకు స్ఫురించు రుచిని కొండవీటి కవిసార్వభౌముని నాలుక ఎఱుగదు. ఆ చప్పని జొన్నముద్దకు ప్రక్కన పండుమిరప పచ్చడియు, గోంగూరయు ఉండియున్నచో ఆ చాటువు మఱొక విధముగా వచ్చియుండునేమోయని నాకు తోచును.

క్రీడాభిరామములోని పద్యమును, ఈ చాటువులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు మన భోజన చరిత్రలోని ఒక పెద్ద లోపము బయటపడుచున్నది. చేలలో పండినది జొన్న. పూటకూటి యింటి విస్తరిలో వడ్డించినది వరియన్నము. నిత్యము ఇంట తినుదానికి వెల యిచ్చువాడెవడు? వెల యిచ్చి తినవలసినది ఇంట దొరకని సన్నన్నమే యని జనులు తలచిరి. అందుచేత జొన్నను వండు నేర్పు ఇండ్లలోనే ఉండిపోయినది. దానికొక శాల, ఒక గురుపరంపర, ఒక కీర్తి ఏర్పడలేదు.

ఇట్లు జరుగుట అనివార్యము కాదని చెప్పుటకు జపాను దేశమును ఒక నిదర్శనముగా తీసికొందును. అక్కడ సోబా అను ధాన్యము కలదు. ఉత్తర హిందూస్థానమున ఉపవాస దినములలో కుట్టు అను పేర పిండిచేసి తినునదియే అది. నిస్సారమైన కొండనేలలలో, చలిలో, రెండున్నర నెలలలో కోతకు వచ్చు పేదల పంట. మొదట దానిని జావగా కాచియు, పిండిముద్దలుగా చేసియు పల్లెటూరివారు తినుచుండిరి. పదునేడవ శతాబ్దమునుండి, టోకుగావా ప్రభువుల రాజధానియై నేడు టోక్యోయను పేరనున్న యెడో నగరమున, ఆ పిండిని దారములవలె కోసి అమ్ము శాలలు బయలుదేరి, దినకూలినుండి సైనికుని వఱకు అందఱికిని ఇష్టమైనవి. అచటి వంటవాడు తిరుగలిలో అప్పుడప్పుడే విసరిన పిండిని కొయ్యపళ్ళెములో పోసి, నీటిని కొలిచి చిలుకరించి, వ్రేళ్ళతో కలిపి, ముద్దచేసి, కఱ్ఱతో పలుచగా ఒత్తి, మడతపెట్టి, వెడల్పాటి కత్తితో సన్నని దారములుగా కోయును. ఆ పిండికి గోధుమకున్న సాగుడుగుణము లేదు గనుక ఎనిమిది పాళ్ళ సోబాకు రెండు పాళ్ళ గోధుమపిండి చేర్చు పద్ధతి ఏర్పడినది. ఏమియు చేర్చక కేవలము సోబాతోనే చేయగలవానిని ఘనుడుగా ఎంచుదురు. ఉడికించి చన్నీట కడిగిన ఆ దారములను వెదురుతట్టలో పెట్టి, సోయా పులుసులో ముంచి తిందురు. తుదకు అవి ఉడికిన వేడినీటినే మిగిలిన పులుసులో పోసికొని త్రాగుదురు. సంవత్సరపు కడపటి రాత్రి సోబా తినుట దేశాచారము. 1789లో యెడోలో స్థాపితమైన సరషీనా అను శాల పేరు నేటికిని వాడుకలోనున్నది. ఒక పేద ధాన్యము, దానిని చేయు చేతి పనితనము వలన, గౌరవ భోజనమైనది.

జొన్నరొట్టె చేయుటలోని కష్టమును చూచినవారు ఈ పోలికను కాదనలేరు. జొన్నపిండికిని సాగుడు లేదు. ఉప్పు వేసి మరిగించిన నీటిని పిండిలో పోసి, చేయి కాలకుండ కలిపి, వేడి తగ్గకమునుపే అరచేతి అడుగుభాగముతో బలముగా మర్దించినగాని అది ముద్దకాదు. నీరు చల్లనైనచో అంచులు పగులును. పిండి పాతబడినచో జిగి పోయి, తట్టుచుండగనే విరుగును. పీటపై పొడిపిండి చల్లి, ఒక చేతితో తట్టుచు రెండవ చేతితో అంచు త్రిప్పుచు, చందమామవలె గుండ్రముగను, అంతటను ఒకే మందముగను వచ్చువఱకు సాగదీసి, పెనముపై వేసి, పైభాగమున తడిగుడ్డతో నీరు రాచి, త్రిప్పి, నిప్పుపై పొంగించుట యనునది ఒక్క దినములో వచ్చు విద్య కాదు. తల్లి చేతిని చూచి కూతురు నేర్చుకొన్న ఈ విద్యకు మనము విద్యయను పేరు కూడ ఇయ్యలేదు.

వెలకు అన్నము పెట్టు యింటికి గల మఱొక లోపమును దాచుట న్యాయము కాదు. ఆ యింటి ద్వారము అందఱికిని తెఱచియుండలేదు. పలనాటిలో పండ్రెండవ శతాబ్దమున బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక అందఱిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెననియు, మాల కన్నమదాసును తన కుమారునిగా భావించి సేనానాయకుని చేసెననియు వీరగాథలు చెప్పుచున్నవి. నాగులేటి యొడ్డున కారెంపూడిలో ఏటేట కార్తికామావాస్యకు జరుగు వీరుల యుత్సవములలో ఆ చాపకూటిని నేటికిని జరుపుచున్నారు. ఇంతటి పూర్వాచారము గల సీమలోనే పూటకూటి యిండ్లును, వాని తరువాత వచ్చిన హోటళ్ళును కులమునుబట్టి పంక్తులు విడదీసినవి; బ్రాహ్మణ భోజన హోటలని బోర్డు కట్టి వ్యాపారము చేసినవి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునైదవ అధికరణములో భోజనశాలల ప్రవేశమును స్పష్టముగా పేర్కొని, ఎవరికిని అడ్డు చెప్పరాదని శాసించినది. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము ఆ యడ్డునకు శిక్ష విధించినది. అన్నము కొనుటకు చేత డబ్బుండియు గుమ్మము బయట నిలువవలసివచ్చిన వారి బాధ మన భోజన చరిత్రలో భాగమే గాని దానికి వెలుపలిది కాదు.

పంతొమ్మిదవ శతాబ్దమున ఈ సీమ ముఖము మాఱినది. 1832-33లో వచ్చిన డొక్కల కఱవు అప్పటి గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనములో 2 లక్షల వఱకు పొట్టపెట్టుకొన్నదని అంచనా. దాని తరువాతి ఆలోచనలకు ఫలముగా 1855లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియై, తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములకు కాలువనీరు వచ్చి, వరి విస్తరించినది. డెల్టా ఇట్లు అన్నపూర్ణ యయ్యెను గాని మెట్టకు ఆ నీరు ఎక్కలేదు. పలనాడు, దర్శి, మార్కాపురము మఱి నూఱేండ్లు ఆకాశమునే నమ్ముకొన్నవి.

ఇక ఒంగోలునకు వత్తము. ఈ కథలో నాకు ముఖ్యమైన ఘట్టమిదియే. 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెమున గోపాలకృష్ణయ్య, సుబ్బమ్మ దంపతులకు ప్రకాశము జన్మించెను. ఆ బాలునకు పదునొకండవ యేట తండ్రి గతించెను. పొలము పుట్ర అండలేని ఆ తల్లి పిల్లలతో ఒంగోలు చేరి పూటకూటి యిల్లు పెట్టెను. ఆనాటి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. బెజవాడనుండి మద్రాసుకు పోవు రైలుమార్గము 1899లో గాని పూర్తికాలేదు గనుక, పనులమీద ఆ యూరికి వచ్చినవారు బండిమీదనో కాలినడకనో వచ్చి, పూటకూటి యిండ్లలో తిని పోవలసినవారే. అన్నము తినినవారికే ఆ వృత్తియెడ గౌరవము లేదు. పూటకూళ్ళమ్మ యనిన లోకమునకు చులకన. 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయిన కన్యాశుల్కములో గురజాడవారు పూటకూళ్ళమ్మ నొక పాత్రగా నిలిపిరి. గిరీశము ఆమె సొమ్ముతో పొట్టపోసికొని, ఆమెనే మోసగించును. ప్రేక్షకులు ఆమె చీపురుకట్టను చూచి నవ్విరి; ఆమె కష్టార్జితము పోయిన సంగతిని తలచినవారు కొందఱే. భర్త పోయిన బ్రాహ్మణస్త్రీకి ఆ కాలమున పరువుతో బ్రతుకుటకు తెఱవులు మిక్కిలి తక్కువ. వంట ఒక్కటే ఆమె చేతిలోని విద్య. ఆ విద్యను అమ్ముకొన్నందులకు లోకము ఆమెను నిందించెను.

సుబ్బమ్మగారు ఆ నిందను సహించి పొయ్యి ఆఱనీయలేదు. కుమారుని పరీక్షకు కట్టవలసిన మూడు రూపాయలకు తావులేనప్పుడు తన పట్టుచీరను తాకట్టు పెట్టి ఆ రుసుము కట్టెను. ఆ బాలుడు గురువైన హనుమంతరావు నాయుడుగారి వెంట రాజమహేంద్రవరము పోయి చదివి, న్యాయవాదియై, ఇంగ్లండు పోయి బారిస్టరై, సైమను కమీషను బహిష్కరణ దినమున మద్రాసులో తుపాకుల యెదుట ఱొమ్ము చూపి ఆంధ్రకేసరి యనిపించుకొని, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి యయ్యెను. తల్లి చేసిన వృత్తిని ఆయన తన స్వీయచరిత్రయైన నా జీవితయాత్రలో దాచుకొనలేదు. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా ఏర్పడిన జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టిరి. కావున ప్రకాశము జిల్లాయని పలికినప్పుడెల్ల మనము ఒక పూటకూటి యింటి పొయ్యిమీద ఉడికిన అన్నమునకు ఋణపడియున్నామని నేను నిస్సంకోచముగా చెప్పుదును. ఆ తల్లి పేరు తెలిసినది కుమారుడు గొప్పవాడగుట వలన. గొప్పకుమారులు లేని పూటకూళ్ళమ్మల పేర్లు మనకు తెలియవు.

రైలు వచ్చిన పిమ్మట స్టేషనుల చెంత కాఫీ హోటళ్ళు వెలసినవి. 1904లో గుంటూరు జిల్లా మరల ఏర్పడి, కచేరీలును, కళాశాలలును పెరిగినకొలది బ్రాడీపేట, అరండలుపేట సందులలో విద్యార్థులకును, గుమాస్తాలకును అన్నము పెట్టు మెస్సులు పుట్టినవి. నెలకింతయని ముందుగా చెల్లించి, రెండుపూటలు తినిపోవు ఈ మెస్సు పాత పూటకూటి యింటికి న్యాయమైన వారసురాలు. వంట ఇంటివారిది, పచ్చడి ఆ యిల్లాలి చేతిది, కందిపొడియు నేయియు అడిగినంత. నేడు మిరప యార్డుకు బస్తాలు తెచ్చిన రైతును, ప్రత్తి లారీ తోలువాడును తినునదియు ఇట్టి చోటులలోనే. అయితే ఇక్కడను విస్తరిలోనిది వరియన్నమే.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిన తరువాత కుడికాలువ గుంటూరు, ప్రకాశము మెట్టలకు చేరినది. శ్రీనాథుడు సున్నయని వ్రాసిన సన్నన్నము పలనాటి ప్రతి యింటికి వచ్చినది. అది గొప్ప మేలు. ఆకలి ఎఱిగినవాడెవడును దానిని తక్కువ చేయడు. ఆ మేలుతోపాటు జొన్న వెనుకబడి, దాని స్థానమున ప్రత్తియు మిరపయు నిలిచినవి. డెల్టాలో మాత్రము వరి కోసిన మాగాణిలో దున్నకుండగనే జొన్న విత్తు క్రొత్త సేద్యము బయలుదేరి మంచి దిగుబడి ఇచ్చుచున్నది. పలనాటి మెట్టలో తగ్గిన పైరు డెల్టా పల్లములో మొలచుట కాలపు మార్పులలో నొకటి.

ఈ మధ్య సంవత్సరములలో మాత్రము ఒక మార్పు కంటబడుచున్నది. గుంటూరులోను, నరసరావుపేటలోను సంధ్యవేళ వీథి ప్రక్కన పొయ్యి పెట్టి, వచ్చినవాని కన్నులయెదుటనే పిండి కలిపి, చేతితో తట్టి, జొన్నరొట్టెలు కాల్చి యిచ్చు స్త్రీలు కానవచ్చుచున్నారు. వైద్యులు మధుమేహమునకు జొన్న మేలని చెప్పుటచేత పట్టణవాసులు వారి చుట్టును చేరి నిలుచుచున్నారు. శ్రీనాథుని కాలమునుండి ఇంటిలోనే ఉండిపోయిన ఆ పనితనము వెలకు అమ్ముడగుట, చేయు చేయి అందఱికి కనబడుచు అమ్ముడగుట, నా లెక్కలో ఈ సీమ భోజన చరిత్రలో చిన్న విషయము కాదు. కాని ఆ రొట్టె యింకను వైద్యుడు చెప్పిన పథ్యముగానే అమ్ముడగుచున్నది. పెండ్లివిందులోను, పెద్ద భోజనశాలలోను ఇది మా నేల పంటయని గౌరవముతో వడ్డించు దినము రావలసియున్నది.

పాఠకులకు ఒక ప్రార్థన. మీ వంశములో పూటకూటి యిల్లు గాని, మెస్సు గాని నడపిన అవ్వలు, ముత్తవ్వలు ఉన్నచో వారి పేరు, ఊరు, నడపిన సంవత్సరములు, పూటకు తీసికొన్న వెల, వడ్డించిన పదార్థములు తెలిసినంతవఱకు కాగితముపై పెట్టుడు. పాత చిట్టాలు, పద్దుపుస్తకములు అటకమీద నున్నచో అమ్మివేయక భద్రపఱచుడు. పెద్దవారు జీవించియుండగనే అడిగి వ్రాసికొనుడు. రాబోవు భాగములో మోటుపల్లి రేవు వర్తకులను గూర్చియు, వారితో వచ్చిన సుగంధద్రవ్యములను గూర్చియు వ్రాయుదును.